పైనోళ్ళకు పెండ్లిపత్రిక

చెల్లెలి పెళ్ళిచూపుల రోజు మా ఇంట్లో అందరికీ తలా ఒక పని అప్పగించింది అమ్మ. నాకు చిత్రాన్నం, మా ఆయనకు కుర్చీలు, చెల్లెలికి చీర కుచ్చిళ్ళు. నాయనకు మాత్రం ఒకటే పని. పైకి చూడకుండా కూర్చోవడం.

పైకి చూశాడంటే వాళ్ళ సంగతి ఎత్తుతాడు. వాళ్ళంటే, మా ఇంటి భాషలో, పైనోళ్ళు. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి దిగి, మన పూర్వీకులకు బండలు ఎత్తడం, గుళ్ళు కట్టడం, గ్రహణాలు లెక్కగట్టడం నేర్పించి, వచ్చిన దారినే వెళ్ళిపోయినవాళ్ళు. మదనపల్లె టమాటా మండీలో ఏళ్ళ తరబడి వేలంపాటలు పాడి గొంతు అరగదీసుకున్న మనిషి మా నాయన. వ్యాపారం చాలించి ఇంట్లో కూర్చున్నాక చేతికి స్మార్ట్ ఫోన్ వచ్చింది. మొదట్లో భజనలు చూసేవాడు. తర్వాత గోపురాల మీద తీసిన వీడియో ఒకటి చూశాడు. ఆ ఫోన్‌కు ఏం అర్థమైందో ఏమో, అప్పటి నుంచి రోజూ అవే తెచ్చి ముందర పెట్టేది. ఈజిప్టులో పిరమిడ్లు కట్టిందెవరో నాయనకు తెలిసిపోయింది. చివరికి మా జిల్లా వంతు కూడా వచ్చింది.

నేను బళ్ళో సోషల్ టీచర్ని. మా ఇల్లు నాయన ఇంటికి రెండు వీధుల అవతలే. పొద్దంతా పిల్లలకు చరిత్ర చెప్పి అలసిపోయి అటు వెళితే, సాయంత్రం నాయన నాకు చరిత్ర చెప్పేవాడు.

"గోపురం సూస్తే నీకేమనిపిస్తాంది?"

"గోపురమనే అనిపిస్తాంది నాయనా."

"అదేనమ్మా మీ బళ్ళో సదువు. నిలబెట్టిన రాకెట్టు కనపళ్ళేదా నీకు?"

అన్నిటికంటే పెద్ద ఆధారం పుంగనూరు ఆవు. నాయన పుట్టింది పుంగనూరులో గనక ఆ ఆవంటే ఆయనకు చుట్టరికం లాంటిది. లోకంలో ఆవులన్నీ ఆవులంత ఎత్తు ఉంటే అదొక్కటే మనిషి నడుము దాటకుండా ఎందుకుంది? ఎందుకంటే పైనోళ్ళు తిరుగు ప్రయాణంలో పాల కోసమని దాన్ని వెంట తీసుకుపోవాలనుకున్నారు. వాళ్ళ వాహనం తలుపు చిన్నది. తలుపు పెద్దది చేయడం కంటే ఆవును చిన్నది చేయడం వాళ్ళకు తేలిక. ఇదంతా నాయన ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, ఒకోసారి నాకే ఆ తలుపు కళ్ళకు కట్టేది. నా మీద నాకే ఒళ్ళు మండేది.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నాయన గొంతు తగ్గేది. "అంత దూరం నుంచి వచ్చి, ఇంత సేసిపెట్టి, మళ్ళీ ఒక్క తూరన్నా యాల రాలేదమ్మా వాళ్ళు?" అని అడిగేవాడు. నిజంగా ఎవరో అలిగిపోయారన్నట్టు ఉండేది ఆ మాట. లేనివాళ్ళు ఎందుకు రాలేదో ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇక చెల్లెలి సంగతి. తను కుప్పంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అక్కడే కరెంటాఫీసులో ఉండే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయీ ఇష్టపడ్డాడు. పెద్దవాళ్ళకు మిగిలిన పని, మర్యాదగా ఒకరింటికి ఒకరు వచ్చి, ఇదంతా తామే కుదిర్చినట్టు తలలూపడం. అది కూడా చెడిపోతుందేమోనని చెల్లెలికి భయం. చూపులకు ముందురోజు వంటింట్లో నా పక్కన కూర్చుని చెప్పింది.

"అక్కా, రేపు నాయన నోరు తెరిస్తే నా పెండ్లి అయినట్టే. వాళ్ళు వద్దనిపోతే, చెప్పకుండా పోయి చేసుకునేదాన్ని గాదు నేను. నాయన నా చెయ్యి పట్టి ఇయ్యల్ల. అట్లయితేనే నాకు పెండ్లి."

అమ్మ ఆ రాత్రే నాయన చేత తన తల మీద ఒట్టు వేయించింది. రేపు నాయన అనవలసిన మాటలు నాలుగు: రాండి, కూర్చోండి, కాఫీ తాగండి, మా పాప బంగారం. అంతకు మించి ఒక్కటి మాట్లాడినా ఒట్టు తప్పినట్టే.

కుప్పం నుంచి అబ్బాయి, వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న వచ్చారు. వాళ్ళది గుడుపల్లె దగ్గర పల్లె. అబ్బాయి నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కుప్పం నుంచి మదనపల్లెకు సర్వీసంతా నడిపాడట. సోఫాలో కూర్చున్నా రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నట్టే పెట్టుకుని, మాట్లాడే ముందు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూసేవాడు. నాయన తన నాలుగు మాటలూ గబగబా అనేసి, చూపు నేల మీద పెట్టుకున్నాడు. అమ్మ ముఖం విచ్చుకుంది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆ పెద్దాయన కుడివైపు చూసినప్పుడు గోడ మీది ఫోటో కనిపించింది. పుంగనూరు ఆవు ఫోటో. ఇల్లంతా సర్దిన నేను దాన్ని దాచడం మరిచిపోయాను.

"ఈ ఆవు ఇంత పొట్టిగా యాల ఉంటాదప్పా?" అన్నాడాయన.

నాయన పెదవులు బిగించాడు. మెడ నరాలు కనిపించాయి. అమ్మ దగ్గింది. నేను చిత్రాన్నం గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నాయన ఒట్టు తప్పలేదు. చెమటలు పడుతున్నా తప్పలేదు.

అప్పుడు ఆ పెద్దాయన ఎడమవైపు కూడా ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "ఏమనుకోబాకండి. నాకేమనిపిస్తాదంటే, వాళ్ళ బండికి తలుపు చిన్నది."

నాయన తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పుట్టినప్పుడు కూడా ఆయన అంత సంతోషపడి ఉండడు. ఇద్దరూ లేచి ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. "బావా" అన్నాడు నాయన. "సెప్పు బావా" అన్నాడు ఆయన. అబ్బాయి తల దించుకున్నాడు. వాళ్ళమ్మ మా అమ్మ వైపు చూసింది, మా అమ్మ ఆమె వైపు చూసింది. ఇద్దరూ ఒకే జబ్బున్న మొగుళ్ళకు సేవ చేస్తున్నవాళ్ళు.

మా వైపు సంబంధం ఖాయం కాకుండా మగపిల్లవాడి తరఫువాళ్ళు ఆడపిల్ల ఇంట్లో అన్నం తినరు. కాఫీ, మిక్చరు, అంతే. ఆకు వేశారంటే మాట కుదిరినట్టు. అమ్మ అరిటాకులు పరిపించింది. చెల్లెలు గదిలోంచి తొంగి చూసి, నా చెయ్యి గట్టిగా నొక్కింది. అంత తేలికగా ఒక పెళ్ళి కుదరడం నేనెప్పుడూ చూడలేదు.

బొబ్బట్లు, అదే మా వైపు ఓళిగల మీద నెయ్యి వేస్తుండగా నాయన అన్నాడు. "అయితే బావా, కొండ మీద ఆ రాతిగూళ్ళ కాడ దిగి, పుంగనూరులో ఆవును ఎక్కించుకున్నారన్నమాట."

ఆ రాతిగూళ్ళు పుంగనూరు నుంచి రామసముద్రం పోయే వైపు ఒక గుట్ట మీద ఉంటాయి. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఒక బండ కప్పిన గూళ్ళు.

పెద్దాయన ఓళిగ తుంచుతూ ఆగాడు. "పుంగనూరు కాడ యాడ దిగినారప్పా? దిగింది గుడుపల్లె కాడ గదా."

"గుడుపల్లెనా?"

"ఆ గుట్ట మీద బండి తిరగదు బావా. సర్వీసంతా పుంగనూరు మీదనే తిరిగినోణ్ణి. మా పక్క కళ్ళం మాదిరి సదునుబండ ఉండాది. సుఖంగా తిప్పుకోవచ్చు."

"తిరిగేదేంది? అది నిట్టనిలువునా లేస్తాది."

"రివర్సు తీసుకోని బండిని నేను సూడలే."

"మరి ఆవు? నడిచి వచ్చిందా గుడుపల్లెకు?"

"మావోళ్ళు తోలుకొచ్చినారు. వచ్చినోళ్ళకు కాళ్ళకు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, పుంగనూరుకు మనిషిని పంపి తెప్పించినారు."

నాయన ఆకు మీది చెయ్యి తీశాడు. "అంటే, ఆకాశం నుంచి వచ్చినోళ్ళకు మర్యాద సేసింది మీరు. మేం ఏం సేస్తా ఉంటిమి?"

"నాకేం తెలుసప్పా. నిద్రపోతా ఉంటిరేమో."

ఎదుటివాడి వంశం మొత్తం చుట్టాలు వచ్చినప్పుడు నిద్రపోయిందనడం మా వైపు చిన్న మాట కాదు. కాళ్ళకు నీళ్ళివ్వని ఇల్లు అంటే ఇక ఆ ఇంట్లో పిల్లను అడిగేవాడు ఉండడు. నాయన మండీ గొంతు బయటికి వచ్చింది. పెద్దాయన బస్సు గొంతు బయటికి వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. చివరికి ఆ పెద్దాయన ఆకు ముందు నుంచి లేచి, ఓళిగ వదిలేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆకు ముందు నుంచి లేచిపోయిన తర్వాత ఇక మాట్లాడడానికేం లేదు. వెళ్ళేటప్పుడు అబ్బాయి గేటు దగ్గర ఆగి చెల్లెలి గది కిటికీ వైపు చూశాడు.

చెల్లెలు వంటింట్లో నేల మీద కూర్చుని, ఆ వదిలేసిన ఓళిగను తింటూ ఏడ్చింది. "కులం కుదరక ఆగిన పెండ్లిండ్లు ఉండాయి, జాతకం కుదరక ఆగినవి ఉండాయి. నాది యాల ఆగిందని అడిగితే ఏం చెప్పల్లక్కా నేను?" అంది. అంటూనే నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. నాయన వరండాలో పైకి చూస్తూ కూర్చున్నాడు. ఒట్టు ఎలాగూ తీరిపోయింది కదా. ఆయన్ని ఆ క్షణంలో ఏం చేసినా పాపం లేదనిపించింది నాకు.

బళ్ళో టీచర్లు అడిగారు, సంబంధం ఏమైందని. ఏదో స్థలం దగ్గర మాట పట్టింపు వచ్చిందన్నాను. "భూమి తగాదానా? అవి ఒక పట్టాన తెగవులే" అని అందరూ జాలిపడ్డారు. నేను కాదనలేదు.

తర్వాత ఇద్దరు అమ్మలూ ఫోన్లలో గుసగుసలు మొదలుపెట్టారు. ఈ మగవాళ్ళతో కాపురం చేసి చేసి వాళ్ళకు ఉపాయాలు బాగా తెలుసు. అవతలాయన గుట్ట దగ్గరికి వచ్చి ఆధారాలు చూస్తానంటున్నాడని అమ్మ నాయనకు చెప్పింది. మా నాయన ఆధారాలు చూపిస్తానంటున్నాడని అబ్బాయి వాళ్ళమ్మ ఆ పెద్దాయనకు చెప్పింది. పుంగనూరు ఇద్దరికీ మధ్య ఊరే. ఒక ఆదివారం రెండు కుటుంబాలూ రెండు ఆటోల్లో గుట్ట దగ్గర దిగాం.

ఆ గూళ్ళను చుట్టుపక్కల జనం పాండవుల గుళ్ళంటారు. ఎప్పటివాళ్ళో తమలో చనిపోయినవాళ్ళను పెట్టుకున్న చోట్లవి. అది నాకు తెలుసు. చెప్పి ఉపయోగం లేదు గనక చెప్పలేదు. నాయన కొలతల టేపు తెచ్చుకున్నాడు. పెద్దాయన తన పాత ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు.

ఎండలో ఇద్దరూ పని మొదలుపెట్టారు. నాయన బండల మందం కొలిచి, మనిషి ఎత్తలేడని తేల్చాడు. పెద్దాయన నేల మీద తిరిగే జాగా చూశాడు. చూపు చాలక, కొడుకును వెనక నిలబెట్టాడు. తను ముందు నిలబడి, లేని స్టీరింగ్ తిప్పుతూ, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. కరెంటాఫీసులో ఇంజనీరుగా దర్జాగా ఉండే ఆ అబ్బాయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుట్ట మీద "రానీ, రానీ, రైట్ రైట్" అని అరుస్తున్నాడు. పెద్దాయన వీపు గూటి బండకు కొట్టుకుంది.

"సూస్తివా? తగల్తాంది!" అన్నాడు గెలిచినవాడిలా.

"నీకు తగిలింది. వాళ్ళకు యాల తగల్తాది?" అన్నాడు నాయన.

మళ్ళీ గొంతులు లేచాయి. ఇద్దరు అమ్మలూ తలలు పట్టుకున్నారు. అంతవరకూ ఒక బండ మీద ఊరికే కూర్చున్న చెల్లెలు లేచింది. తన ముఖం చూసి నాకే భయమేసింది.

"నాయనా, వాళ్ళు మళ్ళీ యాల రాలేదని ఎప్పుడూ అడగతా ఉంటావే. ఎవురన్నా పోయి పిలిచినారా?"

నాయన టేపు పట్టుకునే ఆగాడు.

"వాళ్ళకు పసుపూ కుంకుమా ఇచ్చి, మళ్ళీ రాండి అన్నారా ఎవురన్నా? పిలవకుండా ఏ చుట్టమన్నా వస్తాడా? పిలవలేదని మన చిన్నత్త పక్క వీధి నుంచే పండక్కి రాలేదే. వాళ్ళు అంత పై నుంచి వస్తారా? రేపు నేను అత్తింటికి పోయినాక నన్నూ ఇట్లే పిలవకుండా, యాల రాలేదో అని పైకి సూస్తా కూర్చుంటావా?"

నాయన అక్కడే బండ మీద కూలబడ్డాడు. "ఎవురూ పిలవలే" అన్నాడు, తనలో తను. ఆయన కళ్ళు చూస్తే, ఎన్నో ఏళ్ళుగా వేధించిన ప్రశ్నకు జవాబు దొరికిందని తెలుస్తోంది. పిలవకపోవడం ఎవరి తప్పో కూడా అప్పుడే అర్థమవుతోంది.

మా వైపు చుట్టాలను మళ్ళీ పిలిచే బాధ్యత, మొదటిసారి వాళ్ళు ఎవరింట్లో దిగారో వాళ్ళది. ఇది ఇద్దరు పెద్దమనుషులకూ ఒకేసారి గుర్తొచ్చింది.

పెద్దాయన కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. "బావా, నువ్వు సెప్పేది నిజమే. ఈడనే దిగినట్టుండాది."

"లేదు బావా" అన్నాడు నాయన వెంటనే. "నువ్వన్నట్టు గుట్ట మీద బండి తిరగదు. గుడుపల్లె కాడనే దిగినారు."

"ఆవు మీదే గదా!"

"కాళ్ళకు నీళ్ళు మీరే ఇచ్చినారంటివే!"

ఇంతకు ముందు నాది నాదని అరిచినవాళ్ళు ఇప్పుడు నీది నీదని అరుచుకున్నారు. నేను నవ్వు ఆపుకోలేక గూటి వెనక్కి పోయాను. చివరికి అబ్బాయే అన్నాడు, అలసిపోయిన గొంతుతో. "ఇద్దరూ కలిసి పిలిస్తే పోలేదా? పెండ్లిపత్రిక ఎట్లా కొట్టించేదే గదా."

ఇద్దరూ చెల్లెలి వైపు చూశారు, తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. పత్రిక కొట్టించాలంటే పెళ్ళి ఉండాలి. ఆ మాట అప్పటికి గుర్తొచ్చింది వాళ్ళకు.

పత్రికలు అచ్చయ్యాక మొదటిది కులదేవతకు, రెండోది గుట్ట మీదికి. నాలుగు మూలలా పసుపు రాసిన పత్రిక గూటి బండ మీద పెట్టి, ఆకూ వక్కా, టెంకాయ పెట్టి, ఇద్దరూ చేతులు జోడించారు. నాయన పైకి చూసి, మండీలో రైతులను పలకరించే గొంతుతో పిలిచాడు. "మా చిన్నమ్మాయి పెండ్లి. మీరు సకుటుంబంగా రావల్ల. పుంగనూరులో కల్యాణమండపం, బస్టాండుకు దగ్గరే." పెద్దాయన అందుకున్నాడు. "బండి పెట్టుకునేదానికి జాగా ఉండాది. తిప్పుకోవచ్చు." ఆ పక్కన మేకలు మేపుకుంటున్న ఒకామె, ఎవరిని పిలుస్తున్నారో అడగకుండా, తనకూ ఒక పత్రిక కావాలంది. ఇచ్చాం. పెళ్ళికి ఆమె వచ్చింది.

పైనోళ్ళు రాలేదు. ముహూర్తం వరకూ ముందు వరసలో కుర్చీలు కొన్ని ఖాళీగా ఉంచాడు నాయన. చివరికి మా చిన్నత్త వచ్చి, ఇవి నాకేనా అని కూర్చుంది. నాయన చెల్లెలి చెయ్యి పట్టి అబ్బాయి చేతిలో పెట్టాడు. పెట్టాక వదలడం మరిచిపోయాడు. పంతులు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఉగాదికి కూతుర్నీ అల్లుణ్ణీ పిలవాలి. ఫోన్ చేస్తే చాలని అందరం అన్నాం. "ఫోన్ సేస్తే పిలిచినట్టా?" అని నాయన కసిరాడు. కొత్త బట్టలు, పసుపు కుంకుమ సంచిలో పెట్టుకుని కుప్పం బయల్దేరాడు. నేనూ తోడు వెళ్ళాను. పుంగనూరులో దిగి, ఆటో మాట్లాడి, ముందు గుట్ట దగ్గరికే తీసుకెళ్ళాడు. బండ మీద తాంబూలం పెట్టాడు. "పండక్కి రాండి" అన్నాడు పైకి చూసి. అక్కడి నుంచి మళ్ళీ బస్సెక్కి, కుప్పం పోయి, వియ్యంకుడి గడపలో నిలబడి అవే మాటలు అన్నాడు చెల్లెలితో.

ఉగాది నాడు కుప్పం బస్సు ఆలస్యమైంది. నాయన పొద్దున్నుంచీ గేటు దగ్గరే ఉన్నాడు, పక్కన బిందెలో నీళ్ళు పెట్టుకుని. పైకి చూస్తున్నాడేమోనని నేను కిటికీలోంచి చూశాను. లేదు. వీధి మలుపు వైపే చూస్తున్నాడు. ఆటో వచ్చి ఆగింది. చెల్లెలు, అబ్బాయి దిగారు.

"పైనోళ్ళు రాలేదా నాయనా?" అంది చెల్లెలు చెప్పులు విప్పుతూ.

"వాళ్ళ కథ వాళ్ళది" అన్నాడు నాయన, వంగి కూతురి కాళ్ళకు నీళ్ళు పోస్తూ. "నువ్వొస్తివి గదా."